వరస లేని అలుగు

అది రక్తాక్షి నామ సంవత్సరం. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైంది. వాగులో చుక్క నీరు లేదు. మబ్బులు మాత్రం కొండ మీదికి వచ్చి కూర్చుని, దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి.

ఆ ఏడు, మనిషి కాలు పడని ఒక అడవిలో, ఇప్పచెట్ల మధ్య ఒక వాడ ఉండేది పిల్లలూ. జంతువులన్నీ కలిసి ఉండే వాడ. దాని పేరు ఇప్పలవాడ.

ఆ వాడ చివర ఒక అలుగు ఉండేవాడు. అలుగంటే తెలియని పిల్లలు ఉంటారు. చెప్తాను. ముక్కు నుంచి తోక దాకా ఒంటి నిండా పెంకుల్లాంటి పొలుసులు. నోట్లో ఒక్క పన్ను ఉండదు. నాలుక మాత్రం ఇంత పొడుగు. చీమలూ చెదలూ తిని బతుకుతాడు. ముందుకాళ్లకు గునపాల్లాంటి గోళ్లు. ఎంత గట్టి నేలైనా తవ్వేస్తాడు. భయం వేసినా, మనసు నొచ్చుకున్నా బంతిలా చుట్టుకుపోతాడు. ఇక ఎవరు లాగినా విప్పుకోడు.

అలుగులు పగలు నిద్రపోతాయి కదా అని మీలో ఒకరు అంటారు. నిజమే. కానీ ఈ అలుగు పగలే మేలుకుని ఉండేవాడు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఇతనిది ఆ అడవి కాదు. కొండకు అవతలి అడవి. ఫాల్గుణంలో ఆ అడవి తగలబడిపోయింది. అందరూ తలో దిక్కు పోయారు. అలుగు ఒక్కడే కొండ దాటి ఇటు వచ్చాడు. పొలుసుల అంచులు ఇంకా నల్లగా మాడే ఉన్నాయి. వాడ చివర ఒక బొరియ తవ్వుకుని, మూడు నెలలుగా అందులో ఉంటున్నాడు. తిండికి లోటు లేదు. ఆ నేలలో చెదపుట్టలు బోలెడు. లోటల్లా ఒక్కటే. అతన్ని వరస పెట్టి పిలిచేవాళ్లు లేరు.

ఇప్పలవాడలో ఎవరూ ఎవర్నీ ఊరికే పేరు పెట్టి పిలవరు. వరస పెట్టే పిలుస్తారు. ఎలుగుబంటి వాడందరికీ మామ. అడవికోడి వాడందరికీ అత్త. ముంగిస, కుందేలు వాడందరికీ బావలు. తాబేలు తాత. వీళ్లంతా ఒక తల్లికి పుట్టారా అంటే లేదు. ఒక జాతివాళ్లా అంటే అదీ కాదు. అన్నీ నోటితో కలుపుకున్న వరసలే. కానీ ఒకసారి కలిశాక అవి గట్టివి. బావ అన్నాక ఆటపట్టించాలి. మామ అన్నాక విసుక్కోవాలి. అత్త అన్నాక తిట్టి మరీ తిండి పెట్టాలి.

పొద్దున లేస్తే వాడ నిండా అవే పిలుపులు.

"ఏం బావా, తెల్లారిందా నీకు?"

"నీకంటే ముందే తెల్లారింది బావా, మొహం కడుక్కో పో!"

"ఒరేయ్ అల్లుళ్లూ, ఆ అరుపులు ఆపండిరా!"

అలుగు ఆ పిలుపులు వినడానికే నిద్ర మానుకునేవాడు. బొరియ గుమ్మంలో కూర్చుని వినేవాడు. అందరూ తమ తమ పనులకు పోయాక, లోపలికి వెళ్లి, "ఏం బావా?" అని తనే అనుకునేవాడు. "ఏముంది బావా, నీ దయ," అని తనే పలికేవాడు. అంత చిన్న బొరియలో ఆ మాట ఎంతో పెద్దగా వినపడేది. సిగ్గేసి ఊరుకునేవాడు.

మరి తనే ఎవర్నో ఒకర్ని బావా అని పిలవచ్చు కదా? పిలవచ్చు. కానీ అతను పుట్టిన అడవిలో పద్ధతి వేరు. అక్కడ కొత్తవాణ్ణి ఉన్నవాళ్లే ముందు పిలుస్తారు. వచ్చినవాడు తనంతట తాను వరస కలిపితే అది అతిచొరవ. పిలవని ఇంట్లోకి వెళ్లి చాప లాక్కుని కూర్చున్నట్టు. అలుగు తల్లి చిన్నప్పుడే చెప్పింది: "కొత్తచోట నువ్వు ముందు వరస కలపకు నాయనా. వాళ్లు పిలిచేదాకా అండీ అను. మర్యాదగా ఉండు."

అందుకని అలుగు అందర్నీ అండీ అనేవాడు. వాళ్లు కూడా అతన్ని "అలుగుగారూ" అనేవాళ్లు. మూడు నెలలు అలాగే గడిచాయి.

ఇంతలో కొత్తనీళ్ల పండగ వచ్చింది.

కొండ మీద తొలి వాన పడితే ఎర్రనీళ్లు వాగులోకి దిగుతాయి. ఆ నీళ్లను చిన్న కాలువలోకి మళ్లించి వాడ నడుమ ఉన్న కుంట నింపుకోవడమే ఆ పండగ. కుంట నిండితే వేసవి దాకా తాగడానికి కొదవ ఉండదు. మబ్బు కొండెక్కగానే పనులు మొదలవుతాయి. ఆ రోజు ఎవరి తిండి వాళ్లు వెతుక్కోరు. అందరూ వాడ కోసమే పనిచేస్తారు.

అలుగుకు ఆ సంగతి తెలిసిన రోజున తిండి సయించలేదు. 'పండగ పనిలో నేనూ ఒక చెయ్యి వేస్తాను. చెమటోడ్చి పనిచేస్తే నన్నూ ఏదో ఒక వరసలో పిలవకపోతారా' అనుకున్నాడు. గోళ్లు రాతికి గీసి పదును పెట్టుకున్నాడు. తెల్లవారగానే అందరికంటే ముందు వెళ్లి ఇప్పచెట్ల కింద నిలబడ్డాడు.

తాబేలు తాత వచ్చి పనులు పంచాడు.

"పందిరి మామలది. కాలువ బావలది. వంటలు అత్తలవీ వదినలవీ. మనవలూ మనవరాళ్లూ ఆకులు ఏరాలి. అయింది, పొండి."

అక్కడ పని కూడా వరసను బట్టే పంచుతారు పిల్లలూ. ఏ వరసవాడు ఆ పనికి వెళ్తాడు. ఎవరూ ఎవర్నీ ప్రత్యేకంగా పిలవరు.

అందరూ గలగలా మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. అలుగు అక్కడే నిలబడ్డాడు. తాత అతని వైపు చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. తర్వాత మెడ వంచి, "అలుగుగారూ, తమరు రావడం మాకు చాలా సంతోషం," అన్నాడు.

"నాకు ఏ పని ఇస్తారండీ?" అందామనుకున్నాడు అలుగు. ఆ "తమరు" విన్నాక తల మాత్రం వంచాడు.

అయినా ఊరుకోలేదు. పందిరి దగ్గరికి వెళ్లాడు.

అక్కడ ఎలుగు మామ రాటలకు గోతులు తవ్వుతున్నాడు. మూడు నెలలు ఎండిన నేల. రాయిలా ఉంది. మామ తవ్వుతున్నాడు, వగరుస్తున్నాడు, నేలను తిడుతున్నాడు.

"గోతులు నేను తీయనా అండీ? ఒక్కోదానికి నాలుగు గోకులు చాలు," అన్నాడు అలుగు.

ఎలుగు మామ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. ఒళ్లంతా దులుపుకున్నాడు.

"అయ్యయ్యో! మీరెందుకండీ ఈ మట్టిలో! మీరు కూర్చోండి, కూర్చోండి."

గబగబా ఒక పెద్ద టేకాకు తెచ్చి నీడలో పరిచాడు. చేత్తో తుడిచాడు. ఇక తప్పదని అలుగు వెళ్లి దాని మీద కూర్చున్నాడు. ఎదురుగా మామ తవ్వుతూనే ఉన్నాడు. మూడో గోతికి మామ గోరు విరిగింది. "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. అలుగు లేవబోయాడు. "మీరు కూర్చోండి!" అన్నాడు మామ, నోట్లో వేలుతోనే.

అలుగు కాసేపు చూసి, మెల్లగా లేచి కాలువ వైపు వెళ్లాడు.

అక్కడ ముంగిస బావ, కుందేలు బావ పూడిక తీస్తున్నారు. పని తక్కువ, మాటలు ఎక్కువ.

"ఏం బావా," అంటున్నాడు ముంగిస, "నీ చెవులంత పొడుగు నీ పని ఉంటే ఈపాటికి కాలువ కొండ దాటిపోయేది."

"నీ నోరు మూస్తే చాలు బావా, ఆ గాలికి లేచే దుమ్ము తగ్గి నాకు కాలువ కనపడుతుంది."

"నీకు కనపడటానికేముంది, తీపి దుంప ఉంటే తప్ప నీ కళ్లు తెరుచుకోవుగా!"

"మొన్న తీగను చూసి పాము అనుకుని గంటసేపు యుద్ధం చేసిందెవరు బావా? ఆ తీగే గెలిచిందట కూడాను!"

అది విని అలుగుకు నవ్వాగలేదు. కిసుక్కున నవ్వాడు. పొలుసులన్నీ గలగలమన్నాయి. ఎన్ని నెలలైందో అతను అలా నవ్వి.

బావలిద్దరూ తల తిప్పి చూశారు. ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. కుందేలు చెవులు దించుకున్నాడు.

"అయ్యో, అలుగుగారూ, మీరున్నారని చూసుకోలేదండీ. ఏదో మేమూ మేమూ..."

"ఫరవాలేదండీ. నేను పూడిక తీద్దామని వచ్చాను," అన్నాడు అలుగు.

"మీరా! భలేవారండీ!" అని ముంగిస గబుక్కున ఒక ఆకు కోసుకొచ్చి గట్టు మీద వేశాడు. "మీరు కూర్చోండి. మీరు చూస్తుంటే మాకు అదే పదివేలు."

అలుగు రెండో ఆకు మీద కూర్చున్నాడు. బావలు మళ్లీ పనిలో పడ్డారు. కానీ ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. మర్యాదగా, నోరు మూసుకుని తవ్వుతున్నారు. అలుగు కూర్చుని ఉన్నంతసేపూ అక్కడ ఒక్క మాట పుట్టలేదు. తనవల్లే ఆ సందడి చచ్చిపోయిందని అతనికి అర్థమైంది. లేచి ఇటు రాగానే వెనక నుంచి "ఒరే బావా!" అని మళ్లీ మొదలైంది.

ఇక మిగిలింది వంటల చోటు. అక్కడ అడవికోడి అత్త ఎండు ఇప్పపూలలో తేనె కలిపి ఆకుదొన్నెల్లో పోస్తోంది. నేరేడు పళ్లు రాశిగా పోసి ఉన్నాయి. ఆ తీపికి చీమలు బారులు కట్టాయి. అత్త రెక్కలతో కొడుతోంది, కాళ్లతో తన్నుతోంది, అరుస్తోంది.

"దరిద్రపు చీమలు! ఒక్కటి పోతే నూరు వస్తున్నాయి! ఓ వదినా, నీ పిల్లల్ని పంపవే!"

అలుగు మొహం వెలిగింది. ఇది తన పని. ఈ అడవిలో ఈ పని తనకంటే బాగా చేసేవాడు లేడు. ఒక్క మాట కూడా అనకుండా ముందుకు వెళ్లి, ఆ మూరెడు నాలుక చాచి, దొన్నెల పక్కనుంచి ఒక్క దువ్వు దువ్వాడు. ఒక బారు చీమలు మాయమైపోయాయి.

"అయ్యో, ఎంగిలి!" అని కెవ్వుమంది అడవికోడి అత్త.

అంతా ఇటు తిరిగారు. నిజానికి నాలుక దొన్నెకు తగల్లేదు. నేలకే తగిలింది. కానీ కొత్తనీళ్లు రాకముందు పండగ పదార్థాన్ని ఎవరూ నోటితో తాకకూడదు. అత్త వెంటనే నాలిక కరుచుకుంది. పెద్దమనిషిని అంత మాట అన్నానే అని కంగారు పడింది.

"అది కాదండీ అలుగుగారూ, మీకు ఆకలేసినట్టుంది. నా బుద్ధి చూడండి, చూసుకోనేలేదు. రండి, ముందు మీకు పెట్టేస్తాను. మీరు తినేసి వెళ్దురుగాని."

మూడో ఆకు వేసింది. దాని ముందు ఒక దొన్నె పెట్టింది.

"నేను ఆకలేసి రాలేదండీ," అన్నాడు అలుగు.

"మొహమాటపడకండి. తినండి తినండి."

పండగ ఇంకా మొదలు కాలేదు. తాత దొన్నె ముట్టలేదు. పిల్లలు కూడా ముట్టలేదు. అంతమందిలో తనొక్కడే ఆకు ముందు కూర్చున్నాడు. తిని వెళ్లిపోవాల్సినవాడిలా. దొన్నెలో తేనె మెరుస్తోంది. అలుగు దాన్ని తాకలేదు. తల వంచుకుని, ముక్కు పొట్టలో దాచుకుని కూర్చున్నాడు.

అదే వేళకు ముంగిస బావ నీళ్లు తాగడానికి అటుగా వచ్చాడు. చూశాడు. ఊరుకుంటే ముంగిస ఎలా అవుతాడు?

"ఓరి బావా, ఇటు చూడు!" అని కుందేలును కేకేశాడు. "అలుగు అలిగాడర్రోయ్! పేరుకు తగ్గవాడే!"

వాడంతా గొల్లుమంది.

పిల్లలూ, ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ వాడలో గారూ అని పిలిపించుకునేవాళ్లను ఎవరూ ఆటపట్టించరు. మూడు నెలల్లో అలుగును ఒకరు ఆటపట్టించడం అదే మొదలు. అతను రోజూ బొరియలో కూర్చుని కోరుకున్నది అలాంటి మాటే. అది వచ్చింది. కానీ వచ్చేసరికి అతని మనసు పచ్చిపుండులా ఉంది. ఆ మాట ఎక్కడ తాకాలో అక్కడ తాకలేదు. పుండు మీద తాకింది.

అలుగు లేచాడు. ఎవరి వైపూ చూడలేదు. దొన్నె పక్కకు జరిపి, వాగు వైపు నడిచి వెళ్లిపోయాడు.

"ఏమైందాయనకి?" అన్నాడు ఎలుగు మామ.

"పోనీండిరా. పెద్దవాళ్లు, పనులుంటాయి," అన్నాడు తాబేలు తాత.

బావ అలిగి పోతుంటే చెయ్యి పట్టుకుని లాగుతారు. గారిని ఎవరు లాగుతారు?

వాగు ఒడ్డున, కాలువ మొదలయ్యే చోటికి పదడుగుల దూరంలో ఒక పెద్ద గుండ్రాయి ఉంది. అలుగు దాని వెనక్కి వెళ్లాడు. ముక్కు పొట్టలో పెట్టుకున్నాడు. తోక పైకి లాక్కున్నాడు. బంతిలా చుట్టుకుపోయాడు. 'ఇక్కణ్ణుంచి కూడా వెళ్లిపోతాను,' అనుకున్నాడు. 'ఎక్కడికి?' అని తనను తనే అడిగాడు. కాలిపోయిన అడవి గుర్తొచ్చింది. అక్కడ తనను పిన్నీ బాబాయిలు ఎన్ని రకాలుగా పిలిచేవాళ్లో గుర్తొచ్చింది. ఆ గొంతులన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో తెలియదు. పొలుసుల కింద కళ్లు తడిశాయి.

కొండ మీద ఉరిమింది. వాన పడింది. ఇక్కడ మాత్రం ఇంకా ఎండే.

వాడలో సందడి పెరిగింది. వడ్రంగిపిట్ట ఎండుమాను మీద దరువు వేయడం మొదలుపెట్టింది. కుందేలు బావ ఆ దరువుకు గంతులేస్తున్నాడు. ఎర్రనీళ్లు వచ్చేలోగా కాలువ నోటికి అడ్డంగా ఉన్న బండను పక్కకు దొర్లించాలి. అది ఇద్దరి పని. ముంగిస కుందేల్ని పిలవలేదు. ఒక్కడే వాగు ఒడ్డుకు వచ్చాడు. బండ కింద మట్టి లాగడం మొదలుపెట్టాడు.

అలుగు ఆ చప్పుడు విన్నాడు. కదల్లేదు.

నీళ్లు అనుకున్నదానికంటే ముందే దిగాయి. ఎండిన వాగు ఇసుకలో బుసబుసమంటూ ఎర్రటి నురగ వచ్చింది. మొదటి పాయ వచ్చి బండ కింద దూరింది. మట్టి మెత్తబడి బండ ఒక్క అంగుళం దిగింది. ముంగిస ముందుకాలి గోళ్లు దాని కింద ఇరుక్కున్నాయి.

"బావా! ఓ బావా! ఒక్కసారి ఇటు రా!"

రాయి వెనక అలుగుకు ఆ పిలుపు వినిపించింది. ఎంత దగ్గరగా వినిపించిందంటే, తననే పిలిచినట్టుంది. అతని ఒళ్లు ఝల్లుమంది. మరుక్షణం తనను తనే కసురుకున్నాడు. 'నన్నెందుకు పిలుస్తాడు? కుందేల్ని పిలుస్తున్నాడు. నాకు ఆ వరస ఎక్కడిది?' అనుకున్నాడు. అయినా ఆ పిలుపు ఎంత బాగుందో అని, అది తనది కాదని తెలిసీ, చెవిలో దాచుకున్నాడు.

నీళ్లు ఇంకాస్త పెరిగాయి. బండ ఇంకాస్త దిగింది.

"బావా! త్వరగా రా బావా! కాలు ఇరుక్కుంది!"

ఈసారి గొంతులో వణుకు ఉంది. అలుగుకు ఆ వణుకు తెలిసింది. తోక కాస్త వదులైంది. లేవాలనిపించింది. 'నేను వెళితే ఏమంటాడు? మీరెందుకండీ అంటాడు. నాలుగో ఆకు వేస్తాడు. కుందేలు వస్తాడులే, వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు,' అనుకున్నాడు. వదులైన తోకను మళ్లీ బిగించుకున్నాడు.

కుందేలు రాలేదు. దరువు హోరులో అతనికి ఏదీ వినపడలేదు.

నీళ్లు బండను చుట్టేశాయి. కింద మట్టి మొత్తం జారిపోయింది.

"అమ్మా!"

ఆ మూడో కేకలో వరస లేదు. ఎవరి పేరూ లేదు. అమ్మా అని అరిచినవాడు ఎవరిని పిలిచాడని ఎవరూ ఆలోచించరు. అలుగు కూడా ఆలోచించలేదు. బంతిలా ఉన్నవాడు ఒక్కసారి విచ్చుకుని, రాయి పక్కనుంచి దూకి, నీళ్లలో పడ్డాడు. ముంగిస ముక్కు దాకా నీళ్లున్నాయి. అలుగు బండ కింద గోళ్లు దింపాడు. ఒక గోకు, రెండు గోకులు, మూడు గోకులు. బండ ఒరిగి పక్కకు పడింది. ఎర్రనీళ్లు హోరుమని కాలువలోకి దూకాయి. అలుగు ముంగిస మెడ పట్టుకుని ఒడ్డుకు లాగాడు.

ముంగిస కుడి ముందుకాలి పాదం నుజ్జయిపోయింది.

కాసేపు ఇద్దరూ వగరుస్తూ పడుకున్నారు. ముందు ముంగిసే మాట్లాడాడు.

"నిద్రపోయావా ఏంటి బావా? ఎన్నిసార్లు పిలవాలి?"

అలుగు చుట్టూ చూశాడు. అక్కడ ఇంకెవరూ లేరు.

"నన్నా?"

"నిన్ను కాక ఈ రాయినా? నువ్వు ఆ వెనక్కి పోతుంటే చూశాను. బండ దగ్గర నువ్వున్నావుగా అనే కుందేల్ని పిలవకుండా వచ్చాను. ఇద్దరం సరిపోతాం అనుకున్నాను."

"నన్ను బావా అన్నావా?"

"మరేమనాలి? కాలు బండ కింద పడ్డవాడికి గారూ గీరూ గుర్తొస్తాయా? నువ్వు పెట్టి చూడు, తెలుస్తుంది," అని నవ్వబోయి, నొప్పికి మూలిగాడు.

అలుగు అబద్ధం చెప్పలేకపోయాడు.

"నేను నిద్రపోలేదు. మొదటిసారే విన్నాను."

"విన్నావా?"

"విన్నాను. కుందేల్ని అనుకున్నాను."

ముంగిస నుజ్జయిన కాలి వైపు చూసుకున్నాడు.

"మొదటిసారి పిలిచినప్పుడు గోళ్లే ఇరుక్కున్నాయి," అన్నాడు. "కుందేల్నే పిలిచాననుకో. పిలిస్తే మాత్రం, నీకు కాళ్లు లేవా?"

అలుగు తల దించుకున్నాడు. తర్వాత తోక నేల మీద పరిచాడు. అలుగులు తమ పిల్లల్ని మోసుకుపోయేది తోక మీదే. ముంగిస దాని మీద పడుకుని, మూడు కాళ్లతో పొలుసులు పట్టుకున్నాడు. అలా వాడలోకి వచ్చారు.

దరువు ఆగిపోయింది. అందరూ చుట్టూ మూగారు. అడవికోడి అత్త ఏడుస్తూనే ఆకుపసరు పిండి కట్టు కట్టింది. కుందేలు ముంగిస పక్కన చతికిలబడి, "నన్నెందుకు పిలవలేదు బావా?" అని అడిగి, చెవులతో మొహం కప్పుకున్నాడు.

జరిగింది దాచకుండా అలుగే చెప్పాడు. విన్నదీ చెప్పాడు. లేవనిదీ చెప్పాడు.

తాబేలు తాత అలుగు దగ్గరికి జరిగాడు.

"ఇన్నాళ్లూ నువ్వు అండీ అండీ అంటుంటే, మాతో కలవడం నీకు ఇష్టం లేదనుకున్నాం. మా వాడలో వచ్చినవాడే ముందు వరస కలుపుతాడు. మేం కలిపితే బలవంతం చేసినట్టని ఊరుకుంటాం. ఈ ఎలుగూ నీలా బయటి నుంచి వచ్చినవాడే. నేనూ అంతే. వచ్చిన రోజునే ఎవర్నో ఒకర్ని పిలిచాం."

"మా అడవిలో ఉన్నవాళ్లు ముందు పిలుస్తారు తాతా," అన్నాడు అలుగు.

తాతా అన్నాడని అన్నాక గాని అతనికే తెలియలేదు. తాబేలు తాత కళ్లు మూసుకున్నాడు.

"నోరు తెరిచి ఒక్కరం అడిగి ఉంటే సరిపోయేది రా," అన్నాడు. "నువ్వైనా. మేమైనా."

కుంటలోకి నీళ్లు వస్తున్నాయి. పండగ ఆపడానికి లేదు. నీళ్లు ఎవరి కోసమూ ఆగవు. ఎలుగు మామ విరిగిన గోరుతో చివరి రాట ఎత్తాడు. అది ఒకవైపు ఒరిగిపోతోంది.

"ఏరా అల్లుడూ, చూస్తావేంటి? వచ్చి పట్టు!"

కుందేలు లేవబోయాడు.

"నిన్ను కాదు. ఆ పొలుసులవాణ్ణి!"

మూడు నెలలు గుమ్మంలో కూర్చుని ఎదురుచూసిన మాట. అలుగు పరుగున వెళ్లి రాట పట్టుకున్నాడు. గోతిలో దింపి, మట్టి తోసి, గట్టిగా తొక్కాడు. మామ, "అట్లా కాదు, ఇట్లా!" అని విసుక్కున్నాడు. అలుగు రెండు చేతులా రాటను పట్టుకునే ఉన్నాడు. కళ్లు మాత్రం ముంగిస పడుకున్న వైపే ఉన్నాయి.

ఆ సాయంత్రానికి కుంట నిండింది. ముంగిస ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికాడు. ఆ తొమ్మిదేళ్లూ మూడు కాళ్లతోనే నడిచాడు.

నీతి: నన్ను ముందు పిలవలేదే అని కూర్చోకుండా నువ్వే ముందు పిలువు, సాయం కోసం కేక వినపడితే అది నీకేనా అని చూడకుండా లేచి వెళ్లు.